లాసెట్, క్లాట్: రెండింటిలోనూ 120 ప్రశ్నలే, చదవాల్సిన తీరు మాత్రం వేరు

పిల్లలను లా చదివించాలని నిర్ణయించుకున్న హైదరాబాద్ కుటుంబాల్లో మొదట వినిపించే ప్రశ్న "లా ఎంట్రన్స్ ఎప్పుడు?" అన్నది. దీనికి ఒకే జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ పేరుతో ఒకే పరీక్ష లేదు. తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహించే లాసెట్ ఒకటి, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల కన్సార్షియం నిర్వహించే క్లాట్ మరొకటి. ఇవి కాక ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి, కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు సొంత పరీక్షలున్నాయి. లాసెట్‌లోనూ 120 ప్రశ్నలే, క్లాట్‌లోనూ 120 ప్రశ్నలే కావడం వల్ల ఒకదానికి చదివితే రెండోదానికీ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. కోచింగ్ సెంటర్ల బోర్డులు రెండు పేర్లనూ పక్కపక్కనే రాసి ఆ నమ్మకాన్ని మరింత పెంచుతాయి. నిజానికి లాసెట్ అభ్యర్థికి ఏం తెలుసో అడుగుతుంది, క్లాట్ ఎదురుగా ఉన్న పేరాను అతడు ఎంత జాగ్రత్తగా చదవగలడో చూస్తుంది. ఏ కోర్సులో చేరాలి, ఎక్కడ చదవాలి, ఎంత ఖర్చు భరించగలం అన్నవి తేల్చుకోకుండా పుస్తకాలు కొనేవారు సాధారణంగా ఆర్నెల్ల తర్వాత తాము తప్పు పరీక్షకు చదువుతున్నామని తెలుసుకుంటారు.

ఐదేళ్లా, మూడేళ్లా

ఇంటర్ పాసైనవారు బీఏ ఎల్‌ఎల్‌బీ, బీబీఏ ఎల్‌ఎల్‌బీ వంటి ఐదేళ్ల సమీకృత కోర్సుల్లో చేరవచ్చు. డిగ్రీ ఉన్నవారికి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. లాసెట్ ఈ రెండు కోర్సులకూ వేర్వేరు పేపర్లతో జరుగుతుంది. క్లాట్ యూజీ మాత్రం ఐదేళ్ల కోర్సుకే పరిమితం కాబట్టి, డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లలో లాయరు కావాలనుకునేవారికి దానివల్ల ప్రయోజనం లేదు. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ 2022 నుంచి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆనర్స్ నడుపుతోంది గానీ, దాని ప్రవేశానికి ఎన్‌ఎల్‌శాట్ అనే సొంత పరీక్ష ఉంది.

లాసెట్‌కు అర్హత పరీక్షలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. వయోపరిమితి లేదు. అందుకే లాసెట్ కేంద్రం బయట ఇంటర్ పిల్లలతో పాటు పదవీ విరమణ చేసిన అధికారులు కూడా హాల్ టికెట్ పట్టుకుని కనిపిస్తారు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నిబంధనల ప్రకారం, కింది తరగతి అర్హతలు లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవారు లా కోర్సుకు అనర్హులు. పది, ఇంటర్ వరుసగా చదివి ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవారికి ఈ అడ్డంకి లేదు. ఈ తేడా తెలియక, ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోయేవారు ఉంటారు.

ఐదేళ్ల కోర్సులో ఒక ఏడాది కలిసివస్తుందన్న మాట నిజమే: డిగ్రీ మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు కలిపితే ఆరు అవుతాయి. కానీ ఆ ఏడాది ఊరికే రాదు. సమీకృత కోర్సును మధ్యలో వదిలి మూడేళ్లకు బీఏ పట్టా తీసుకుని వెళ్లే అవకాశాన్ని అవే 2008 నిబంధనలు నిషేధించాయి. మూడో ఏడాదిలో లా నచ్చలేదని తెలిస్తే చేతిలో ఇంటర్ మెమో మాత్రమే మిగులుతుంది. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు డిగ్రీ కావాలనుకునే కుటుంబాలు ఈ సంగతిని ముందే ఆలోచించాలి. పదిహేడేళ్ల వయసులో న్యాయవాద వృత్తి మీద గట్టి ఆసక్తి ఉన్నవారికే ఐదేళ్ల కోర్సు సరైనదని, మిగిలినవారు డిగ్రీ చేసి రావడమే మేలని నా అభిప్రాయం. కోర్టు అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ మూడేళ్లు పనికొస్తాయి.

ఉద్యోగం చేస్తూ ఎల్‌ఎల్‌బీ చదవాలనుకునేవారి లెక్క వేరు. దూరవిద్యలో చేసే ఎల్‌ఎల్‌బీకి గుర్తింపు లేదు, ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరు తప్పనిసరి. పూర్తిగా రెసిడెన్షియల్ కాని కాలేజీల్లో తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలని నిబంధన ఉంది. కాబట్టి "కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని ఎవరైనా హామీ ఇస్తే అది నిబంధనలకు విరుద్ధమైన హామీ అని గ్రహించాలి. పైగా పట్టా వచ్చాక కూడా, పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉన్నంతకాలం న్యాయవాదిగా వృత్తి చేయడం కుదరదు.

జూనియర్ సివిల్ జడ్జి కావాలన్న లక్ష్యంతో లాలోకి వచ్చేవారు 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దృష్టిలో పెట్టుకోవాలి. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో పట్టా చేతికందగానే ఆ పరీక్ష రాసే వీలుండేది. ఇప్పుడు కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలి. ఆ మూడేళ్లను తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా పేరు నమోదు) తేదీ నుంచి లెక్కిస్తారు. అంటే ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సులో చేరిన విద్యార్థికి జడ్జి పరీక్ష ఎనిమిదేళ్ల దూరంలో ఉందన్నమాట.

లాసెట్ పేపర్ ఏం అడుగుతుంది

120 మార్కులు, 90 నిమిషాలు: ప్రశ్నకు 45 సెకన్లు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30 మార్కులకు, వర్తమాన వ్యవహారాలు 30 మార్కులకు, లా అభ్యసనానికి సంబంధించిన ఆప్టిట్యూడ్ 60 మార్కులకు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస మార్కుల నియమం లేదు. పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులో గానీ ఉర్దూలో గానీ కనిపిస్తాయి కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ పేపర్ చేరువగా ఉంటుంది.

సగం మార్కులున్న మూడో భాగమే ర్యాంకును తేలుస్తుంది. ఇందులో రాజ్యాంగం పైచేయిగా ఉంటుంది: సమానత్వ హక్కు ఏ అధికరణంలో ఉంది, రిట్లు (హక్కుల రక్షణకు కోర్టు ఇచ్చే ఆదేశాలు) జారీ చేసే అధికారం సుప్రీంకోర్టుకు 32 కింద, హైకోర్టుకు 226 కింద ఎలా వచ్చింది, రాజ్యాంగ సవరణ విధానం 368లో ఏం చెబుతుంది, 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 1973లో కేశవానంద భారతి కేసులో ఏం తేల్చింది వంటివి. ఆ తర్వాత 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని మౌలిక అంశాలు, టార్టులు (నష్టపరిహారం చెల్లించాల్సిన సివిల్ తప్పులు), నేరచట్టంలోని ప్రాథమిక భావనలు, లాటిన్ న్యాయసూత్రాలు వస్తాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్-2కు చదివే అభ్యర్థి ఈ పేపర్ చూస్తే సగం తనకు తెలిసిందేనని అనుకుంటాడు, అది చాలావరకు నిజం కూడా. పాలిటీ, జీకే, వర్తమాన వ్యవహారాలు అతడు ఎప్పటినుంచో చదువుతున్నవే. అతడికి కొత్తగా కావాల్సింది కాంట్రాక్టు, టార్టు, నేరచట్టం, న్యాయసూత్రాలు. వీటికి రెండు నెలలు క్రమం తప్పకుండా కేటాయిస్తే సరిపోతుంది.

ఇక్కడ పాత పుస్తకాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కోఠి దుకాణాల్లోనూ, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా చవకగా దొరికే లాసెట్ గైడ్లలో రాజ్యాంగం, కాంట్రాక్టు చట్టం భాగాలు ఇప్పటికీ పనికొస్తాయి, నేరచట్టం భాగం మాత్రం పనికిరాదు. 2024 జులై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. 511 సెక్షన్ల శిక్షాస్మృతి 358 సెక్షన్లకు తగ్గింది. హత్యకు శిక్ష అనగానే అందరి నోటా వచ్చే 302 ఇప్పుడు 103 అయింది. మన వాడుకలో మోసగాడికి మారుపేరుగా స్థిరపడిన 420 ఇప్పుడు 318లోని నాలుగో ఉపసెక్షన్‌లో ఉంది. సమాజ సేవను ఒక శిక్షగా చేర్చడం కొత్త. పాత అంకెలు తెలిసినవారికి అవే ముందు గుర్తొస్తాయి కాబట్టి పాత, కొత్త సెక్షన్లను ఎదురెదురుగా రాసుకున్న ఒక పట్టిక ఎప్పుడూ దగ్గరుండాలి. రెండు తరాల చట్టాలూ తెలిసి ఉండటం ఎలాగూ అవసరమే, ఎందుకంటే 2024 జులైకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది.

తెలుగులో చదివేవారు సాంకేతిక పదాలను రెండు భాషల్లోనూ నేర్చుకోవాలి. ప్రతిఫలం, కన్సిడరేషన్ అన్నవి ఒకటేనని 45 సెకన్లలో స్ఫురించాలి కదా. ఇక మైనస్ మార్కులు లేని పేపర్లో ఒక్క ప్రశ్న వదిలినా అది చేతులారా పోగొట్టుకున్నట్టే. చివరి మూడు నిమిషాలు మిగిలినవాటికి గుర్తులు పెట్టడానికే అట్టిపెట్టుకోవాలి. మార్కులు సమానమైనప్పుడు మూడో భాగంలో ఎక్కువ తెచ్చుకున్నవారికి ముందు ర్యాంకు ఇస్తారు. దాని మీద ఎక్కువ సమయం పెట్టడానికి ఇది రెండో కారణం.

క్లాట్ ఎందుకు వేరే చదువు

క్లాట్ 2008లో మొదలైంది. అంతకుముందు ఒక్కో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఒక్కో పరీక్ష పెట్టేది. 1998లో ఏర్పడి శామీర్‌పేటలో క్యాంపస్ ఉన్న నల్సార్, విశాఖపట్నం దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం రెండూ ఇప్పుడు దీని ద్వారానే విద్యార్థులను చేర్చుకుంటాయి. 2020లో ప్రశ్నల స్వరూపం పూర్తిగా మారింది. ఒంటరి బిట్లు పోయి, 450 పదాల దాకా ఉండే పేరాలు, వాటి కింద వరుస ప్రశ్నలు వచ్చాయి. 2023 డిసెంబరు పరీక్ష నుంచి ప్రశ్నలను 150 నుంచి 120కి తగ్గించారు. సమయం రెండు గంటలు. ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, గణితం అన్న ఐదు విభాగాల్లో వర్తమాన వ్యవహారాలకు, లీగల్ రీజనింగ్‌కు పావు వంతు చొప్పున, గణితానికి పదో వంతు ప్రశ్నలుంటాయి. పరీక్ష ఇంగ్లిష్‌లో మాత్రమే, అదీ కాగితం మీద, పెన్నుతో ఓఎంఆర్ షీటులో. ఒకసారి దిద్దిన గడిని మార్చుకునే వీలుండదు.

లీగల్ రీజనింగ్‌లో ముందస్తు న్యాయ పరిజ్ఞానం అడగరు. ఇంకా చెప్పాలంటే, అరకొర పరిజ్ఞానం అక్కడ నష్టం చేస్తుంది. ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. పేరాలో ఒక నియమం ఇలా ఉందనుకుందాం: యజమానికి చెందిన వాహనాన్ని పనివాడు పనివేళల్లో నడుపుతూ ఎవరికైనా హాని చేస్తే, ఏ దారిలో వెళ్తున్నాడన్న దానితో సంబంధం లేకుండా యజమానే నష్టపరిహారం చెల్లించాలి. కింద ఇచ్చిన సన్నివేశంలో, బేగంపేటలోని ఒక మిఠాయి దుకాణం పనివాడు సికింద్రాబాద్‌లో ఆర్డరు ఇవ్వడానికి దుకాణం బండి మీద బయలుదేరి, మధ్యలో సొంత పని మీద మలక్‌పేట వెళ్లి, అక్కడ ఒక పాదచారిని ఢీకొట్టాడు. దుకాణదారు బాధ్యుడా? టార్టులు కాస్త చదివిన విద్యార్థికి, పనివాడు సొంత పని మీద దారి మళ్లితే యజమానికి బాధ్యత ఉండదన్న సూత్రం గుర్తొచ్చి "బాధ్యుడు కాడు" అని దిద్దుతాడు. కానీ పేరాలోని నియమం దారి మళ్లడాన్ని స్పష్టంగా పక్కన పెట్టింది. దాని ప్రకారం తేలాల్సింది రెండే: బండి యజమానిదా, అది పనివేళా? రెండింటికీ జవాబు అవును కాబట్టి దుకాణదారే చెల్లించాలి. ఏమీ చదవని విద్యార్థి ఇక్కడ సరైన జవాబు పెట్టి ఒక మార్కు తెచ్చుకుంటాడు. చదివినవాడు తప్పు జవాబుకు కోత పడి పావు మార్కు పోగొట్టుకుంటాడు.

లాసెట్ కోసం కాంట్రాక్టు, టార్టు నోట్సు బట్టీ పట్టి క్లాట్‌కు వెళ్లేవారు దెబ్బతినేది ఇలాంటి చోటే. క్లాట్‌కు కావాల్సిన సాధన ఏమిటంటే, రోజూ ఒక ఇంగ్లిష్ దినపత్రికలోని రెండు సంపాదకీయాలను గడియారం పెట్టుకుని చదవడం, రచయిత ఏ వాదన చేశాడో, దానికి ఏ ఆధారం చూపాడో, ఏ విషయం చెప్పకుండా వదిలేశాడో ఒక్కో వాక్యంలో రాసుకోవడం. విసుగు పుట్టించే పనే ఇది. దీని ఫలితం మూడు నాలుగు నెలలకు గానీ కనిపించదు కాబట్టి చాలామంది మధ్యలో మాని మాక్ టెస్టుల మీద పడతారు. మాక్ టెస్టు చదివే వేగాన్ని కొలుస్తుంది గానీ పెంచదు. వారానికి ఒకటి రాసి, మరుసటి రోజంతా తప్పులు ఎందుకు జరిగాయో చూసుకోవడం మేలు.

తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉంది కదా అని తెలియని ప్రశ్నలన్నీ వదిలేయాలా? లెక్క వేసి చూస్తే సమాధానం దొరుకుతుంది. నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్నలను 16 గుడ్డిగా గుర్తిస్తే సగటున 4 ఒప్పవుతాయి, 12 తప్పవుతాయి. 4 మార్కులు వచ్చి 3 పోతాయి, మిగిలేది ఒక్కటే. అంత కష్టానికి అది పెద్ద లాభం కాదు. అదే 16 ప్రశ్నల్లో రెండేసి ఐచ్ఛికాలను తొలగించగలిగితే 8 ఒప్పు, 8 తప్పు. 8 మార్కుల్లోంచి 2 పోగా 6 మిగులుతాయి. అంటే రెండు జవాబుల మధ్య ఊగిసలాడేటప్పుడు వదిలేయడం నష్టం, ఏమీ తోచనప్పుడు దాని మీద సమయం పెట్టడం నష్టం. అందుకే ఆ పేపర్ మీద ఏ పేరాను చదవకుండా దాటేయాలో తెలిసినవారు ముందుంటారు.

రెండూ రాయవచ్చా

ఇంటర్ విద్యార్థి రెండూ రాయవచ్చు, రాయడమే మంచిది. క్లాట్ డిసెంబరు మొదటి ఆదివారం జరుగుతోంది. దరఖాస్తులు ఆగస్టు ప్రాంతంలోనే మొదలవుతాయి. ఇంటర్ వార్షిక పరీక్షలు ఆ తర్వాత వస్తాయి. లాసెట్ 2024లోనూ 2025లోనూ జూన్ మొదటి వారంలో జరిగింది. ఈ క్రమంలో చదువును విభజించుకోవడం కష్టం కాదు: డిసెంబరు దాకా చదివే వేగం, ఇంగ్లిష్, లాజిక్, ఇంటర్ పరీక్షలయ్యాక రాజ్యాంగం, కాంట్రాక్టు, కొత్త నేరచట్టాలు. వర్తమాన వ్యవహారాల నోట్సు ఒక్కటే రెండింటికీ పనికొస్తుంది, దాన్నీ రెండు రకాలుగా వాడుకోవాలి. లాసెట్‌కు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి చాలు. క్లాట్‌కు ఆ ఘటన వెనుక కథ కూడా తెలియాలి. ఇంగ్లిష్ చదవడంలో ఇబ్బంది ఉన్న విద్యార్థిని ఏడాదిలో క్లాట్‌కు సిద్ధం చేస్తామనే ప్రకటనల మీద నాకు నమ్మకం లేదు. అలాంటి విద్యార్థి లాసెట్ మీద పూర్తిగా దృష్టి పెట్టి, లా కోర్సులో చేరాక ఇంగ్లిష్‌ను బలపరచుకోవడం మంచిది. హైకోర్టు తీర్పులు చదవాలంటే ఎలాగూ ఆ భాష తప్పదు.

క్లాట్ ఫలితం వచ్చినంత మాత్రాన లాసెట్‌ను వదిలేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్‌లో కొన్ని ప్రశ్నల జవాబులపై వివాదం ఢిల్లీ హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. యూజీ కౌన్సెలింగ్ 2025 మే దాకా మొదలుకాలేదు. ప్రాథమిక కీ విడుదలైనప్పుడు అభ్యంతరాలు తెలపడానికి ఇచ్చే గడువు చాలా తక్కువ. తన జవాబులను అదే రోజు సరిచూసుకునే అలవాటు ప్రతి అభ్యర్థికీ ఉండాలి.

మిగిలిన పరీక్షల గురించి రెండు మాటలు చాలు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఐలెట్ అనే వేరే పరీక్ష ఉంది, క్లాట్‌కు చేసిన సాధనే దానికీ చాలావరకు సరిపోతుంది. సింబయాసిస్‌కు హైదరాబాద్‌లో కూడా లా కాలేజీ ఉంది, అక్కడికి స్లాట్ అనే దాని సొంత పరీక్ష రాయాలి. ఎల్‌శాట్ ఇండియా అనే మరో లా ప్రవేశ పరీక్షను నిర్వాహకులు నిలిపివేశారు. పాత వీడియోలు చూసి దానికి చదవడం వృథా. ఇక అమెరికాలో ఉన్న బంధువులు "లా స్కూల్" అన్నప్పుడు వారు చెప్పేది డిగ్రీ తర్వాత చదివే జేడీ కోర్సు గురించి. మన ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి, దానికి ప్రవేశ విధానంలో పోలికే లేదు.

దరఖాస్తులో చేసే పొరపాట్లు

లాసెట్ దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయల లోపే ఉంటుంది. క్లాట్‌కు దాదాపు 4,000 అవుతుంది. కానీ ర్యాంకు వచ్చినా సీటు పోగొట్టే పొరపాట్లు రుసుములో జరగవు, సర్టిఫికెట్లలో జరుగుతాయి. వాటిలో మొదటిది స్థానికత. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు దక్కుతాయి. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఎక్కడ చదివారన్నదే ముందుగా చూస్తారు. ఐదేళ్ల కోర్సుకు ఆ నాలుగేళ్లు తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా లెక్కకు వస్తాయి. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన పిల్లవాడిని ఇంటర్‌కు విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పిస్తే ఈ వరుస తెగిపోతుంది. రాష్ట్ర పునర్విభజన చట్టం పదేళ్లపాటు కొనసాగించిన ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో ముగిసింది. మిగిలిన 15 శాతం సీట్లకు ఎవరు అర్హులో ఆ ఏటి సమాచార బులెటిన్‌లో చదివి తెలుసుకోవాలి, అన్నయ్య అనుభవాన్ని ఆధారం చేసుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ కాలేజీలు కావాలనుకునేవారు ఏపీ లాసెట్ విడిగా రాయాలి.

రెండోది కులం, ఆదాయ పత్రాలు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు మీసేవ ద్వారా వచ్చే బీసీ పత్రం సరిపోతుంది. కేంద్ర నమూనాలోని ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం అడిగే చోట అది చెల్లదు. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి కాబట్టి నిరుడు తీసుకున్నది పనికిరాదు. ఫలితాలు వచ్చాక తహసీల్దార్ కార్యాలయానికి పరుగెత్తడం కంటే, హాల్ టికెట్ వచ్చే సమయానికే ఇవన్నీ చేతిలో పెట్టుకోవడం మంచిది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరినవారికే వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో సీటు కొనుక్కుని తర్వాత ఆ సాయం కోసం చూడటంలో అర్థం లేదు.

లాసెట్ కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్ల ఆన్‌లైన్ పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు వరుసగా జరుగుతాయి. 2024లోనూ 2025లోనూ ఇది ఆగస్టులో గానీ మొదలుకాలేదు. వెబ్ ఆప్షన్లలో నాలుగైదు పేరున్న కాలేజీలు మాత్రమే పెట్టి ఊరుకునేవారికి మొదటి విడతలో ఏ సీటూ రాకపోవచ్చు. నచ్చిన క్రమంలో వీలైనన్ని పెట్టాలి, చేరే ఉద్దేశం లేని కాలేజీని మాత్రం పెట్టకూడదు. క్లాట్‌లో దీనికి సమానమైనది విశ్వవిద్యాలయాల ప్రాధాన్య క్రమం. కౌన్సెలింగ్‌కు పిలుపు వచ్చినవారు వేలల్లో ఉండే రుసుము కొద్ది రోజుల్లో కట్టాలి. సీటు వచ్చాక అక్కడే స్థిరపడటమా, మెరుగైనదాని కోసం వేచి ఉండటమా అన్నది గడువులోపల తేల్చాలి. ఆ డబ్బు ముందే సిద్ధంగా లేక ఆగిపోయేవారుంటారు.

కాలేజీని ఎలా చూడాలి

నల్సార్‌లో చదువు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షల్లో ఖర్చవుతుంది. ఉస్మానియా క్యాంపస్ లా కాలేజీలోనూ, బషీర్‌బాగ్‌లోని పీజీ లా కాలేజీలోనూ అయ్యే ఖర్చు దానిలో చిన్న భాగం. కార్పొరేట్ లా సంస్థల నియామకాలు కోరుకునేవారికి నల్సార్ ఖర్చు తిరిగి వచ్చే పెట్టుబడి. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనో సిటీ సివిల్ కోర్టులోనో వకాలత్ చేయాలనుకునేవారికి అది తప్పనిసరి కాదు. అక్కడ మొదటి ఐదేళ్లలో పట్టా మీది ముద్ర కంటే ఏ సీనియర్ ఆఫీసులో జూనియర్‌గా చేరారన్నదే ఎక్కువ పనిచేస్తుంది. నగరం మధ్యలో ఉన్న కాలేజీ విద్యార్థి తరగతులయ్యాక మదీనా దగ్గరి హైకోర్టుకు వెళ్లి వాదనలు వినగలడు. ర్యాంకుల జాబితాల్లో ఈ వెసులుబాటుకు మార్కులుండవు.

ప్రైవేటు కాలేజీని ఎంచుకునేటప్పుడు ఆ ఏడాదికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందా అన్నది మొదట చూడాలి. ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ ఖరారు చేసిన ఫీజు ఎంతో తెలుసుకోవాలి, దానికి మించి ఏ పేరుతో అడిగినా రసీదు కోరాలి. ఒక మామూలు పనిదినం మధ్యాహ్నం కాలేజీకి వెళ్లి తరగతి గదులు, లైబ్రరీ చూసి రావాలి. తరగతులు నడుస్తున్నాయో లేదో ఏ వెబ్‌సైటూ చెప్పదు, ఆ అరగంటలో తెలిసిపోతుంది.

పట్టా తర్వాతి ఖర్చు గురించీ ఇప్పుడే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే కొన్నేళ్ల క్రితం దాకా చాలా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంట్‌కు వేల రూపాయలు వసూలు చేసేవి. 2024 జులై 30న సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని తేల్చింది. వృత్తి కొనసాగించాలంటే ఆల్ ఇండియా బార్ పరీక్ష పాస్ కావాలి. 100 ప్రశ్నలు, పాస్ కావడానికి జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. నోట్సు లేని బేర్ యాక్టులను (వ్యాఖ్యలు లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలను) హాల్లోకి తీసుకెళ్లనిస్తారు. లాసెట్ కోసం కొన్న భారతీయ న్యాయ సంహిత బేర్ యాక్టు మీద పెన్నుతో ఏమీ రాయకుండా ఉంచుకుంటే, అప్పటికి సవరణలు రాకపోతే, ఆ పరీక్షకూ అదే పుస్తకం పనికొస్తుంది.